జిట్రేగి చెక్క, వడ్లాయన చెయ్యి

స్టీలు తీగలు ఆరూ బిగించి శ్రుతి చేసిన గిటారును ఒళ్లో పెట్టుకున్నప్పుడు, ఆ తీగలన్నీ కలిసి దాన్ని ఎంత బలంగా లాగుతున్నాయో మనకు తెలియదు. ఆ లాగుడు దాదాపు 75 కిలోలు. ఎదిగిన మనిషి బరువంత. దాన్ని రాత్రీ పగలూ తట్టుకుంటూ నిలబడేది గిటారు ముందు పలక. ఆ పలక మందం 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు. మందం పెంచితే ఏ కాలానికీ విరగదు, కానీ గొంతు పెగలదు. తగ్గిస్తే కమ్మగా పలుకుతుంది, కొన్నాళ్లకు పొట్ట ఉబ్బి, తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి లేచి, పగిలిపోతుంది. మంచి గిటారు చేసే మనిషి ఈ రెంటి నడుమ, విరుగుడుకు వెంట్రుకవాసి ఇవతల ఆగుతాడు. ఎక్కడ ఆగాలో ఏ కొలబద్దా పూర్తిగా చెప్పలేదు. ఎందుకంటే ఏ రెండు చెక్కలూ ఒక్క తీరుగా ఉండవు.

ఆ ఆగడం గురించే ఈ మాటలు రాస్తున్నాను. జనగామలో పుట్టి పెరిగిన నాకు దాన్ని నేర్పింది మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, దర్వాజలు, కిటికీలు చేసే ఒక వడ్లాయన. అది అర్థమయ్యాక మా అడవినీ, మా పనిచేతులనూ నేను చూసే చూపే మారింది.

మా వైపు గిటారు ప్రధానంగా రెండు దారుల్లో వచ్చింది. ఒకటి చర్చి, రెండోది సినిమా పాట. ఆదివారం ఆరాధనలో కీబోర్డు పక్కన గిటారు పట్టుకుని నిలబడిన యువకుణ్ని చూసి, నాకూ ఒకటి కావాలని ఇంట్లో పోరు పెట్టిన పిల్లలు జనగామలోనూ, మహబూబాబాద్‌లోనూ, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలోనూ ఉన్నారు. ఇప్పుడు ఫోన్లో చూసి నేర్చుకుంటున్నారు. నాలుగైదు వేలకు గిటారు ఇంటికొస్తోంది. ఫ్యాక్టరీలో మరలు కోసిన గిటారు కాబట్టే ఆ ధరకు వస్తోంది. ఆ చవక వల్లే కూలి చేసుకునే ఇంటి పిల్లవాడి చేతికి కూడా సంగీతం అందింది. ఇది చిన్న విషయం కాదు. ఈ వ్యాసంలో ఎక్కడా దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

మా మేనల్లుడి గిటారు కూడా అలాంటిదే. రేకుల గదిలో గోడకు వేలాడదీశాడు. మే నెలలో జనగామ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. తేమ పోయినప్పుడు పోగు పొడవునా పెద్దగా కుంచించుకోదు గానీ, అడ్డంగా మాత్రం బాగా కుంచించుకుంటుంది. దాంతో పలక ఒక పక్క గుంజుకుపోయింది. రేకుల కింది వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి అంచు గోరు దూరేంత లేచింది. లోపల ఏదో ఊడి, ప్రతి స్వరం వెంట ఒక గిరగిర వినిపిస్తోంది. అమ్మిన దుకాణంలో అడిగితే, బాగు చేయడం దండగ, కొత్తది కొనుక్కోమన్నారు. వాడికి ఆ గిటారే కావాలి. మానుకోటలో మాకు ఎరిగిన వడ్లాయన ఉన్నాడు, వాళ్ల నాయిన భజన మండళ్లకు తంబుర దండెలు చేసేవాడని విని, అక్కడికి తీసుకెళ్లాం.

ఆయన అంతకుముందు గిటారును చేతిలోకి తీసుకున్నవాడు కాదు. తీగలు వదులు చేయించి, దాన్ని పక్కన పెట్టుకుని, చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత చూపుడువేలు కణుపుతో ముందు పలక మీద తట్టడం మొదలుపెట్టాడు. బ్రిడ్జి దగ్గర ఒకసారి, అంచున ఒకసారి, రంధ్రం పక్కన ఒకసారి. తట్టిన ప్రతిచోటా తల వంచి విన్నాడు. "సప్పుడు ఇను బిడ్డా" అన్నాడు మా వాడితో. "గీడ పలుకుతున్నది. గీడ నోరు మూసుకున్నది. లోపల పట్టీ ఊడింది." రంధ్రంలోంచి చిన్న గడ్డం అద్దం, ఫోను లైటు పెట్టి చూపించాడు. నిజంగానే ముందు పలక అడుగున అతికించిన సన్నటి పట్టీ ఒకటి సగం దాకా ఊడి, తీగ మోగినప్పుడల్లా పలకకు తగిలి గిలగిల్లాడుతోంది.

అప్పటిదాకా గిటారు లోపలేముందో నేను చూడలేదు. బయటికి నునుపుగా, ఖాళీ డబ్బాలా కనిపించే ఆ వాద్యం కడుపులో ఒక అమరిక ఉంది. రెండు పట్టీలు ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి కోసుకుంటూ పలక నడుమ నిలబడ్డాయి. వాటి చుట్టూ చిన్న పట్టీలు. ఏ పట్టీనీ పడుకోబెట్టి అతికించలేదు. అన్నీ నిలువుగానే ఉన్నాయి. ఎందుకని అడిగాను. ఆయన పక్కనున్న సన్నటి చెక్క బద్ద ఒకటి తీసి, వెడల్పుగా పట్టుకుని వంచాడు. ఇట్టే వంగింది. అదే బద్దను నిలువుగా తిప్పి మా వాడి చేతికిచ్చి వంచమన్నాడు. వంగలేదు. "ఇంటి మీద దూలం ఎట్ల పెడ్తం సారూ? పండవెడ్తమా? నిలవెడ్తం. బలం కావాల్నంటే చెక్క ఎక్కువ పెట్టుడు కాదు, నిలవెట్టుడు తెల్వాలె."

ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేస్తే, ఇంజనీర్లు లెక్కగా రాసుకున్నదీ ఇదే. పట్టీ ఎత్తు రెట్టింపు చేస్తే బరువు రెట్టింపే అవుతుంది, బిగువు మాత్రం ఎనిమిది రెట్లవుతుంది. అలాగే పలక మందం పదో వంతు తగ్గిస్తే దాని బిగువు పావు వంతుకు పైగా పడిపోతుంది. అందుకే చివరి గీకుల దగ్గర అంత జాగ్రత్త. రందాతో ఒక పొర ఎక్కువ లేపితే, దాన్ని మళ్లీ అతికించలేం.

నిలబెట్టడం తెలిసిన ఇద్దరు మనుషుల వల్లే చాలావరకు ఈనాటి గిటారుకు ఈ రూపం వచ్చింది. 1817లో స్పెయిన్‌లోని అల్మేరియా ప్రాంతంలో పుట్టిన ఆంటోనియో డె టోరెస్ వృత్తిరీత్యా వడ్రంగి. ముందు పలకను పల్చగా, కొంచెం ఉబ్బెత్తుగా చేసి, దాని అడుగున విసనకర్ర పుల్లల్లా పట్టీలు పరిచాడు. నేటికీ నైలాన్ తీగల గిటార్లు చాలావరకు ఆయన చూపిన దారిలోనే తయారవుతున్నాయి. రెండోవాడు క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్. 1833లో జర్మనీ నుంచి అమెరికా చేరి, పెన్సిల్వేనియాలోని నజరెత్‌లో స్థిరపడ్డాడు. మా మేనల్లుడి గిటారులో చూసిన ఆ ఇంటూ పట్టీల అమరిక 1840ల నాటిది. మార్టిన్ కార్ఖానా దాన్ని పట్టుకుని స్థిరపరిచింది. అప్పటికి వాడుకలో ఉన్నవి పేగు తీగలు. తర్వాతెప్పుడో వచ్చిన స్టీలు తీగల లాగుడును కూడా ఆ అమరికే కాచుకుంది.

టోరెస్ చేసిన ఒక పని గురించి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు ఆలోచించాను. గిటారు గొంతు ముందు పలకలోనే ఉందని ఆయన నమ్మకం. దాన్ని రుజువు చేయడానికి 1862లో ఒక గిటారు చేశాడు. ముందు పలక మామూలుగానే మంచి స్ప్రూస్ చెక్క. పక్కలూ వెనక పలకా మాత్రం కాగితపు గుజ్జు అట్ట. ఆ గిటారు ఇప్పటికీ బార్సెలోనా సంగీత మ్యూజియంలో ఉంది. చుట్టూ ఉన్న చెక్క ఎంత ఖరీదైనదన్నది తర్వాతి మాట అని, మాటలతో కాకుండా వాద్యంతోనే చెప్పాడాయన.

ఈ మాట మా ప్రాంతంవాడిగా నన్ను ఎందుకు అంతగా పట్టిందో చెప్పాలంటే జిట్రేగి గురించి చెప్పాలి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు మూడూ 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలోనివే. జనగామ రాళ్ల గుట్టలు, మెట్ట చేల నేల. అక్కడి నుంచి తూర్పుకు పోయేకొద్దీ నేల పచ్చబడుతుంది. గూడూరు, కొత్తగూడ, గంగారం దాటితే అడవి. అటు మహాముత్తారం, మహదేవపూర్, పలిమెల మీదుగా గోదావరి ఒడ్డు దాకా అడవే. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, వెదురు. వాటి నడుమ అక్కడొకటి ఇక్కడొకటిగా జిట్రేగి. కొందరు ఇరుగుడు అంటారు. ఒక్కో ఈనెకు ఐదారు గుండ్రటి ఆకులు, ఆకు కొసన చిన్న నొక్కు. చూపించేవాళ్లు లేకపోతే పక్కనుంచే నడిచిపోతాం. మహదేవపూర్ వైపు ఒక ఊళ్లో, పాత ఎడ్లబండి నుంచి విడిపోయిన జిట్రేగి ముక్కను కోసి చూపించారు. పైన తెల్లటి పొర. లోపల వంగపండు రంగు కలిసిన గోధుమ, దాని మీద నల్లటి చారలు. కోసినచోట గులాబీకి దగ్గరగా ఒక వాసన. ఏళ్ల తరబడి వానా ఎండా తిన్న ముక్కే, గోటితో కొడితే కంచులా మోగింది.

ప్రపంచంలో గిటార్లు చేసేవాళ్లు ఇండియన్ రోజ్‌వుడ్ అని పిలిచేది ఈ జిట్రేగినే. శాస్త్రీయ నామం డాల్బెర్జియా లాటిఫోలియా. ఒకప్పుడు వాళ్లు బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను వాడేవాళ్లు. 1960ల చివర బ్రెజిల్ దుంగల ఎగుమతి ఆపేయడంతో, 1969లో మార్టిన్ కంపెనీ మన చెక్క వైపు తిరిగింది. మిగతావాళ్లూ అదే బాట పట్టారు. అప్పటినుంచి పేరున్న గిటార్లలో లెక్కలేనన్ని వీపున జిట్రేగినే మోస్తున్నాయి. బ్రెజిల్ చెట్టు అంతరించేదాకా వచ్చి 1992లో అంతర్జాతీయ వ్యాపార నిషేధం కిందికి వెళ్లింది. 2017 జనవరి నుంచి డాల్బెర్జియా ప్రజాతి మొత్తం మీదా అంతర్జాతీయ నియంత్రణ వచ్చింది. తయారైన సంగీత వాద్యాలకు 2019 చివర్లో సడలింపు ఇచ్చారు. మన చెట్టు కూడా ముప్పులో ఉన్న జాతుల పట్టికలో ఉంది. ఇక్కడ అటవీ శాఖ అనుమతి లేకుండా దాన్ని కొట్టడానికి వీల్లేదు, తరలించడానికీ వీల్లేదు. అలా ఉండాలి కూడా. ఆ నల్లచారల చేవ బాగా కట్టడానికి దశాబ్దాలు పడుతుంది.

మన చెట్టు ఇంత దూరం పోయి ఇంత పేరు తెచ్చుకుందంటే గర్వంగా ఉంటుంది. రాయలసీమ ఎర్రచందనం జపాన్ వాళ్ల షామిసెన్ అనే తీగవాద్యానికి మెడగా మారిందని విన్నప్పుడు కూడా అలాగే ఉంటుంది. కానీ ఆ గర్వం ఎక్కడ నిలబడాలో చెప్పే పరిశోధన ఒకటి 2018లో అచ్చయింది. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పని అది. ఒకే నిపుణుడి చేత ఆరు గిటార్లు చేయించారు. ముందు పలక, పట్టీలు, కొలతలు అన్నీ ఒకటే. వెనకా పక్కలా చెక్క మాత్రం వేరు వేరు. అందులో బ్రెజిల్ రోజ్‌వుడ్ ఉంది, మన జిట్రేగి ఉంది, చవకైన సపేలి కూడా ఉంది. 52 మంది గిటారిస్టులకు ఏది ఏదో కనిపించకుండా వెల్డింగు కళ్లద్దాలు పెట్టి, మసక వెలుతురు గదిలో వాయించమన్నారు. వాళ్లు ఇచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. టోరెస్ అట్టతో చెప్పినమాట నూటయాభై ఏళ్ల తర్వాత లెక్కలతో రుజువైంది.

దీనర్థం జిట్రేగి గొప్పది కాదని కాదు. అందం ఉంది, గట్టిదనం ఉంది, ఆవిరి తగిలించి వేడి ఇనుము మీద వంచితే చెప్పినట్టు వంగే గుణం ఉంది. కానీ వాద్యానికి ప్రాణం పోసేది ఆ ముందు పలకను తట్టి, విని, పల్చన చేసి, ఇక చాలు అనుకున్న మనిషి. చెట్టు ఇచ్చేది చెక్కనే. దాన్ని పలికించే తెలివి చేతిలో ఉంది. నేను నేర్చుకున్నది ఇదీ.

ఈ తెలివి మనకు కొత్తది కాదు. జనగామ పక్కనే, హైదరాబాద్-వరంగల్ దారిలో పెంబర్తి ఉంది. అక్కడి విశ్వకర్మలు రేకు పనికి పేరుపొందారు. పల్చటి ఇత్తడి రేకును వెనక నుంచి కొట్టి, ముందు నుంచి దిద్ది బొమ్మ లేపుతారు. చదునుగా ఉన్నప్పుడు గాలికి ఊగే రేకు, ఉబ్బెత్తు లేచేసరికి గుడి తలుపును కాచేంత గట్టిపడుతుంది. కొట్టేకొద్దీ రేకు పెళుసెక్కుతుంది. పెళుసెక్కిందని సుత్తె కింది మోతే చెబుతుంది. వెంటనే నిప్పుల్లో కాల్చి మెత్తబరిచి మళ్లీ మొదలుపెడతారు. ఆ మోతను పట్టించుకోకుండా ఇంకో నాలుగు దెబ్బలు వేస్తే రేకు చీలుతుంది. గిటారు పలకను కూడా చదునుగా ఉంచకుండా కంటికి ఆనీ ఆననంత ఉబ్బెత్తుగా చేస్తారు. కారణం అదే. వరంగల్ దాటి ఇంకా ముందుకెళ్తే పాలంపేట. 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండి, ఇప్పుడు ములుగు జిల్లాలోకి వెళ్లింది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి, రాతి గోడల మీద బరువు పడకుండా, నీటిలో వేస్తే తేలే ఇటుకలతో శిఖరం లేపారు. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. బలం బరువులో లేదని ఈ నేల మీది శిల్పులకు ఎనిమిది వందల ఏళ్ల కిందటే తెలుసు.

తీగవాద్యాల సంగతికొస్తే, మన చేతులు ఇంకా దూరం వెళ్లాయి. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు ఒకే పనస మొద్దును తొలిచి ఏకాండి వీణ చేస్తారు. కుండా దండీ వేరువేరుగా చేసి అతికించడం ఉండదు. 2011లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుండను లోపల ఎంత తొలవాలన్నది అక్కడ కూడా తట్టి, వినే తేల్చుకుంటారు. పనస కొయ్య మీద మైనం పరిచి, ఇరవైనాలుగు మెట్లనూ ఒక్కొక్కటే చెవితో చూసుకుంటూ నిలబెడతారు. గిటారు మెట్ల సంగతి వేరు. అక్కడ లెక్కే దారి. తీగ పొడవు 645 మిల్లీమీటర్లయితే మొదటి మెట్టు 36 మిల్లీమీటర్ల దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో. ఒక్కో మెట్టుకూ మిగిలిన పొడవులో ఇంచుమించు పద్దెనిమిదో వంతు జరుగుతూ పోవాలి. చెవితో నిలబెట్టిన మెట్టుకూ, లెక్కతో కోసిన మెట్టుకూ నడుమ రెండు సంగీత సంప్రదాయాల దూరం ఉంది. కానీ కుండ తొలిచేచోట, పలక గీకేచోట గొల్లపల్లి వడ్రంగీ స్పెయిన్ వడ్రంగీ పక్కపక్కనే కూర్చుంటారు.

తెలంగాణలోనైతే చెక్క మొద్దు కొనే స్తోమత కూడా లేని మనుషులు వాద్యాలు చేసుకున్నారు. వెదురు దండె, ఎండిన సొరకాయ బుర్రలు, తేనె మైనం, తీగలు. ఇవే కిన్నెర. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. బుర్రవీణ వాయించే నారాయణపేట జిల్లా దాసరి కొండప్పకు 2024లో వచ్చింది. అదే ఏడు మా జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకూ వచ్చింది. ఆ వార్తలు చదివిన రోజుల్లో నేను ఎంత సంతోషించానో చెప్పలేను. కిన్నెర సంప్రదాయంలో వాయించేవాడే తన వాద్యాన్ని తయారు చేసుకుంటాడు. పాట ఆ కంఠంలో ఎంత ఉందో, ఆ మెట్లను మైనంలో నిలబెట్టే వేళ్లలోనూ అంత ఉంది. పాటను రికార్డు చేసి దాచుకోవచ్చు. సొరబుర్ర ఏ పాటి ఎండితే పలుకుతుందో తెలిసిన వేలిని దాచుకోలేం. అది పక్కనున్న మరో వేలికి దిగితేనే బతుకుతుంది.

మానుకోట వడ్లాయన పని ఎలా ముగించాడో కూడా చెప్పాలి. సీసా ఫెవికాల్ ఆయన దగ్గర ఉంది. దాన్ని పక్కన పెట్టి, సరేసు జిగురును నీళ్లలో నానబెట్టి, చిన్న డబ్బాలో వేడి మీద కరిగించాడు. ఎందుకంటే, రేపు మళ్లీ విప్పాల్సి వస్తే సరేసు వేడికీ తేమకూ వదులుతుంది, చెక్క చీలదు అన్నాడు. పాత జిగురును ఉలి అంచుతో గీకి తీసి, ఊడిన పట్టీకి కొత్తది రాసి అద్దాడు. అది అంటుకునేదాకా లోపల అదిమి పట్టేది ఎలా? చెయ్యి దూరదు. బిగించే శికంజా దూరదు. వెదురు బద్దలు రెండు సన్నగా చీరి, కొంచెం వంచి, రంధ్రంలోంచి లోపలికి పంపి, ఒక కొస వెనక పలకకూ ఇంకో కొస పట్టీకీ ఆనేలా వదిలాడు. వెదురు నిటారు కావాలని చూసే బలంతోనే పట్టీ అతుక్కుంది. పాశ్చాత్య దేశాల గిటారు పనివాళ్లు చాలామంది పట్టీలు అతికించేది ఇలాంటి ఉపాయంతోనేనని తర్వాత తెలిసింది. ఆయనకు అది ఎవరూ చెప్పలేదు. చెక్క, వెదురు, అవసరం మూడూ ఆయనకు చెప్పాయి.

తెల్లారి తీగలు బిగించి మీటితే గిరగిర పోయింది. మా వాడు అక్కడే కూర్చుని ఒక పాట వాయించాడు. వడ్లాయన మాత్రం పాట వినలేదు. మళ్లీ కణుపుతో పలక తట్టి, బ్రిడ్జి దగ్గర చెవి పెట్టి, తల ఊపాడు. పనివాడికి ఆ ఊపే రశీదు.

ఆయన కొడుకు ప్లైవుడ్ కప్‌బోర్డుల పని చేస్తాడు. కంప్యూటరు మిషను గీత గీస్తే, ఇతను బిగిస్తాడు. కూలి బాగానే గిట్టుతుంది. అతన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. ఇల్లు గడవాలి కదా. కానీ ప్లైవుడ్‌కు పోగు దిశ చూడక్కర్లేదు, ఎండా వానా లెక్కలు అక్కర్లేదు, తట్టి వినక్కర్లేదు. తండ్రి చెవిలో ఉన్నది కొడుకు చెవిలోకి దిగే పనే ఆ ఇంట్లో ఇప్పుడు లేదు. మా మూడు జిల్లాల్లో ఎన్నో కులవృత్తుల ఇళ్లలో ఇదే కథ. అడవిని కాపాడుకోవాలని చట్టాలున్నాయి, చెక్‌పోస్టులున్నాయి, పట్టికలున్నాయి. చేతిని కాపాడుకోవడానికి చట్టం ఉండదు. దానికి పని ఇవ్వడమే రక్షణ. అంతకంటే ముందు, ఆ పనివాళ్లతో మర్యాదగా మాట్లాడటం.

చెక్క కోసం వెతికేవాళ్లకు నా మనవి ఒకటుంది. జిట్రేగి లేకపోతే వాద్యం లేదని అనుకోకండి. పాత ఇళ్లు కూల్చినప్పుడు బయటపడే టేకు దూలాలు, వాసాలు యాభై అరవై ఏళ్లు ఎండిన చెక్క. పనస ఉంది, మద్ది ఉంది, వేప ఉంది. అట్టతోనే గిటారు చేసి చూపించిన మనిషి ఉన్నాడు. అడవిలో నిలబడ్డ జిట్రేగిని నిలబడనిద్దాం. చేను గట్టున వీలున్నవాళ్లు ఒక మొక్క నాటుదాం. దాన్ని మనం కోయం, మన పిల్లలూ కోయకపోవచ్చు. అయినా నాటుదాం.

బడుల వాళ్లకూ, ఐటీఐల వాళ్లకూ ఇంకో మనవి. వడ్రంగం నేర్పే చోట ఒక తంబురనో, కిన్నెరనో, గిటారునో విప్పి లోపలి అమరిక చూపించండి. పలకను తట్టి వినడం ఒక పాఠంగా పెట్టండి. కుర్చీ చేయడం నేర్చుకున్న పిల్లవాడికి వాద్యం బాగు చేయడం కూడా వస్తే, అతనికి ఊళ్లో ఇంకో దారి తెరుచుకుంటుంది. చర్చిల్లో, భజన మండళ్లలో, బడుల్లో మూలకు పడ్డ వాద్యాలకు ఊళ్లోనే వైద్యం దొరుకుతుంది.

ఇక చదువుతున్న మీకు. మీ ఇంట్లో బ్రిడ్జి లేచిన గిటారు గానీ, బుర్ర పగిలిన తంబుర గానీ, మీటితే గిరగిరమనే మరేదైనా తీగవాద్యం గానీ ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. మీ ఊళ్లోనో, పక్క ఊళ్లోనో చెక్క తట్టి వినే వడ్లాయన ఇంకా ఉండే ఉంటాడు. ఆయన దగ్గరికి తీసుకెళ్లండి. పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్లి, పని అయ్యేదాకా అక్కడ కూర్చోబెట్టండి. అడిగినంత కూలి బేరమాడకుండా ఇవ్వండి. పాడే గొంతుకు చప్పట్లు కొట్టడం మనకు వచ్చు. ఆ పాటకు తోడైన వాద్యాన్ని చేసిన చేతికి పని ఇవ్వడం కూడా మనమే నేర్చుకోవాలి.